చదువరుల ప్రశ్నలు: కవర్లో వేసే ఆ నల్లపొడి పొట్లం మనమే చేసుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే వస్తువు చుట్టూ తిరుగుతున్నాయి, తినుబండారాల కవర్లలో 'తినరాదు' అని రాసి ఉండే చిన్న పొట్లం. మన జిల్లాల్లో ఇంట్లో పిండివంటలు చేసి కొరియర్లో పంపేవాళ్ళు చాలామంది తయారయ్యారు కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కనబెట్టి ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

కావలి దగ్గర పల్లె నుంచి ఒక సోదరి: సార్ నమస్తే. చెక్కలు, అరిసెలు, ఎండురొయ్యల పొడి ఇంట్లోనే చేసి హైదరాబాద్, బెంగళూరు పంపిస్తుంటాం, నాతోపాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఉండారు. పదిహేను రోజులు దాటితే చెక్కలు నూనె కంపు కొడుతున్నాయని ఫోన్లు వస్తున్నాయి. కొన్న ప్యాకెట్ ఒకదాంట్లో చిన్న పొట్లం ఉంటే కత్తిరించి చూశా, నల్లటి పొడి, అయస్కాంతం పెడితే లేచి అంటుకుంది. ఇనుము, బొగ్గు, ఉప్పు అంతేనమ్మా అన్నాడు మా అబ్బాయి. మా ఊరి చుట్టూ చిల్లకంపే, బొగ్గు బట్టీలు కూడా ఉండాయి. అందుకని గిన్నెలు తోమే స్టీలు పీచు సన్నగా కత్తిరించి, బొగ్గుపొడి, ఉప్పునీళ్ళు కలిపి గుడ్డలో కట్టి కవర్లో వేశా. కంపు తగ్గలేదు, పైగా చెక్కలు మెత్తబడినాయి. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే, ఆ పొట్లంలో ఉండేది ఇనుపపొడి, ఉప్పు, బొగ్గు, కాస్త తడి పట్టుకునే పదార్థం. 1977లో జపాన్‌లో మిత్సుబిషి గ్యాస్ కెమికల్ వాళ్ళు ఏజ్‌లెస్ అనే పేరుతో దీన్ని అమ్మకానికి తెచ్చారు, ఇప్పుడు దొరికే చాలా పొట్లాలది అదే పద్ధతి. అది చేసే పని ఒక్కటే, తుప్పు పట్టడం. ఇనుము తుప్పు పట్టాలంటే గాల్లో ఆక్సిజన్ కావాలి, తడి కావాలి. కవర్ మూసేశాక లోపల ఉన్న ఆక్సిజన్‌నే ఇనుము తినేస్తుంది, ఇక చెక్కల్లో నూనెను పాడుచెయ్యడానికి ఆక్సిజన్ మిగలదు. ఒక గ్రాము ఇనుము పూర్తిగా తుప్పు పడితే దాదాపు 300 మిల్లీలీటర్ల ఆక్సిజన్ లాగేస్తుంది, అంత చిన్న పొట్లం అంత పని ఎట్లా చేస్తుందనే దానికి లెక్క ఇదే.

మరి బొగ్గెందుకు? టార్చిలైట్ సెల్ పగలగొడితే మధ్యలో నల్లటి కడ్డీ ఉంటుంది చూడండి, అట్లాంటి పనే ఇక్కడా. ఇనుము కరిగేటప్పుడు దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, అవి పక్కనే ఆనుకుని ఉన్న బొగ్గులోకి పోతాయి, అక్కడ ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఉప్పు నీళ్ళలో కరెంటు నడిచేటట్టు చూస్తుంది, ఇనుము మీద ఏర్పడే పల్చటి పొరను కూడా చెడగొడుతుంది. అంటే పొట్లంలో లక్షల కొద్దీ చిన్న చిన్న సెల్లులు ఉన్నట్టు లెక్క. బొగ్గూ ఇనుమూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే ఇది పనిచేస్తుంది, ఆ మాట గుర్తుపెట్టుకోండి, కింద ఒంగోలు అబ్బాయి ప్రశ్నలో మళ్ళీ వస్తుంది.

ఇక మీ తప్పుల సంగతి. మొదటిది ఆ స్టీలు పీచు. గిన్నెలు తోమే పీచు స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో క్రోమియం ఉంటుంది, తుప్పు పట్టకుండా ఉండటానికే దాన్ని అట్లా తయారుచేశారు. తుప్పు పట్టనిది ఆక్సిజన్ తినదు. రెండోది బొగ్గు. చిల్లకంప బొగ్గు మంచిదే, కానీ బట్టీలో మట్టి కప్పి కాల్చినప్పుడు అన్నిచోట్లా ఒకే వేడి తగలదు. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మల్టీమీటర్ తీసుకుని బట్టీ బొగ్గు ముక్కకి రెండు వైర్లూ గుచ్చి చూశా నేను, చాలా ముక్కల్లో ముల్లు కదల్లేదు. అవే ముక్కల్ని మా ల్యాబ్ ఫర్నేసులో మూతపెట్టిన మూసలో 850 డిగ్రీలకి గంటసేపు వేడిచేసి చల్లారాక మళ్ళీ గుచ్చితే ముల్లు గబుక్కున లేచింది. 400, 500 డిగ్రీల్లో కాలిన బొగ్గులో కరెంటు సరిగా నడవదు, 700 దాటాక నడుస్తుంది. పొయ్యిలోకి రెండూ ఒకటే, ఈ పనికి మాత్రం వేరు వేరు. మూడోది తడి. ఉప్పునీళ్ళతో తడిపిన గుడ్డ కవర్లో పెడితే ఆ తేమ చెక్కలకి పోక ఎక్కడికి పోతుంది? కొన్న పొట్లాల్లో తడిని పట్టుకుని వదలని ఖనిజం ఉంటుంది, పైన కాగితం కూడా గాలిని పోనిచ్చి నీళ్ళని పోనివ్వని రకం.

కానీ వీటన్నిటికన్నా పెద్ద తప్పు మీ ఉత్తరంలో మీరు రాయని చోట ఉంది, కవరు. మామూలు తెల్ల పాలిథీన్ కవరేనని అనుకుంటున్నా. 50 మైక్రాన్ల పాలిథీన్ కవరు, పొడవు 25 సెంటీమీటర్లు వెడల్పు 20 అనుకుంటే, ఎంత గట్టిగా సీల్ చేసినా ఆ ప్లాస్టిక్ గుండానే బయటి గాల్లోంచి రోజుకి సుమారు 80 మిల్లీలీటర్ల ఆక్సిజన్ లోపలికి వచ్చేస్తుంది. కంటికి కనపడదు, చిల్లు ఉండదు, అయినా వస్తుంది. 100 సీసీ పొట్లం, అంటే 100 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తినగలిగేది, వేస్తే రెండోరోజుకే అయిపోతుంది, తర్వాత అది కవర్లో ఉన్నా లేనట్టే. అదే లోపల వెండిలాగా మెరిసే మెటలైజ్డ్ కవరో అల్యూమినియం ఫాయిల్ కవరో అయితే నెలరోజులకి కూడా లోపలికి వచ్చేది చాలా తక్కువ. పొట్లం కన్నా ముందు కవరు మార్చండి. వెండి కవర్లో వెలుతురు కూడా పడదు, నూనె పాడవడానికి వెలుతురు కూడా ఒక కారణమే.

తర్వాత గాలి లెక్క. ఖాళీ కవర్లో నీళ్ళు నింపి కొలవండి, 900 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. చెక్కలు 450 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటే మిగిలిన 450 గాలి. గాల్లో ఆక్సిజన్ 21 శాతం, అంటే 95 సీసీ. 100 సీసీ పొట్లం అంచుమీద ఉన్నట్టు, 200ది వెయ్యండి. సీల్ చేశాక ఒకటి రెండు రోజుల్లో కవరు కాస్త లోపలికి బిగుసుకుంటుంది, లోపలి గాల్లో ఐదో వంతు పోయింది కదా, అట్లా బిగుసుకుంటే పని జరిగినట్టే. పొట్లాల పెద్ద ప్యాకెట్ విప్పినప్పటినుంచి అవి బయటి గాలిని తింటూనే ఉంటాయి, చేతికి గోరువెచ్చగా తగులుతాయి కూడా, అందుకని విప్పిన పావుగంట, ఇరవై నిమిషాల్లో వేసేసి సీల్ చెయ్యండి, మిగిలినవి మళ్ళీ గాలి పోని కవర్లో మూసెయ్యండి. సిలికా జెల్ పొట్లం కూడా వేసే అలవాటుంటే రెండూ పక్కపక్కన పెట్టబాకండి, ఇనుముకి కావాల్సిన తడిని అది లాగేస్తుంది. ఇంకోమాట, వాడిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయించిన చెక్కల్ని ఏ పొట్లమూ కాపాడలేదు, అప్పటికే పాడైన నూనెను వెనక్కి తీసుకురాలేం.

మీ ఐదుగురూ కలిసి చూడటానికి ఒక చిన్న ప్రయోగం చెప్తా. గాజు సీసాలు మూడు తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో కొయ్య నునుపు చెయ్యడానికి అమ్మే మామూలు ఇనుప ఉన్ని అడగండి, స్టెయిన్‌లెస్ వద్దని చెప్పి మరీ. ఒక సీసాలో మంచినీళ్ళతో తడిపిన ఉన్ని, ఇంకోదాంట్లో ఉప్పునీళ్ళూ బొగ్గుపొడీ పట్టించిన ఉన్ని, మూడోదాంట్లో మీ గిన్నెల పీచు, అడుగున ఇరుక్కునేట్టు కూరి, నీళ్ళు పోసిన పళ్ళెంలో మూడూ బోర్లించండి. మర్నాటికి ఉప్పు, బొగ్గు ఉన్న సీసాలో నీళ్ళు ఐదో వంతు దాకా పైకి ఎక్కి ఉంటాయి, మంచినీళ్ళది వెనకబడి ఉంటుంది, గిన్నెల పీచు సీసాలో ఎక్కడివక్కడే. ఆక్సిజన్ పోయిన చోటే నీళ్ళు ఎక్కాయన్నమాట, స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.

అమ్మే సరుకులో మాత్రం ఇంట్లో చేసిన పొడి వెయ్యబాకండి. 2018 నుంచి ఆహార ప్యాకింగుకి ప్రత్యేకంగా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలు ఉన్నాయి, తినే వస్తువుకి తగిలే ప్రతిదీ ఆహారానికి పనికొచ్చే రకమై ఉండాలి. లేత్ మిషన్ దగ్గర దొరికే ఇనుప పొట్టులో కటింగ్ ఆయిల్ ఉంటుంది, అది అసలే పనికిరాదు.

ఒంగోలు నుంచి ఎమ్మెస్సీ విద్యార్థి: సార్, ప్రాజెక్టు కోసం కొబ్బరిచిప్ప పొడిని ఇనుప లవణం ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, నైట్రోజన్‌లో కాల్చి, ఇట్లాంటి పొట్లాల్లో వాడటానికి ఇనుము–కార్బన్ కాంపోజిట్ (రెండూ ఒకే రేణువులో కలిసిన పొడి) చేస్తున్నా. అయస్కాంతానికి బాగా అంటుకుంటోంది కానీ ఆక్సిజన్ దాదాపు ఏమీ తినడంలేదు. ఇంకోసారి వేడి ఎక్కువ పెట్టి చేస్తే, బయటికి తియ్యగానే పొడి ఎర్రగా కణకణలాడి కాలిపోయింది. లవణం ఖర్చు తగ్గుతుందని అన్నభేది వాడదామా అని కూడా ఆలోచన.

జవాబు: తమ్ముడూ, నీ రెండు ఫెయిల్యూర్లే నీకు దారి చూపిస్తున్నాయి, నిరుత్సాహపడొద్దు.

అయస్కాంతాన్ని నమ్మినందువల్ల మొదటిసారి మోసపోయావు. మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది, అది చాలావరకు తుప్పు పట్టిపోయిన ఇనుమే, ఇంక ఆక్సిజన్‌ని పెద్దగా తినదు. వేడి పెరిగేకొద్దీ కార్బన్, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కలిసి ఐరన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్‌ని మెట్టుమెట్టుగా లాగేస్తాయి, ముందు హెమటైట్ పోయి మాగ్నెటైట్, తర్వాత ఊస్టైట్, ఆఖర్న లోహపు ఇనుము. ఆ ఆఖరి మెట్టు ఎక్కాలంటే 700 దాటాలి, 800 దగ్గర గంటా రెండు గంటలు ఉంచితే నమ్మకంగా వస్తుంది. మరీ ఎక్కువసేపు ఎక్కువ వేడిలో ఉంచితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి, కొంత ఐరన్ కార్బైడ్ కూడా తయారవుతుంది. పొడిలో ఏ పదార్థాలున్నాయో చూపించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష తీయించు, కాపర్ రేడియేషన్‌తో అయితే లోహపు ఇనుము 44.7 డిగ్రీల దగ్గర, మాగ్నెటైట్ 35.5 దగ్గర కనపడతాయి. అది దొరికేలోపు ఇంకో పద్ధతి ఉంది, పొడిని నీళ్ళతో బాగా కడిగి సజల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి వచ్చే గ్యాస్ కొలువు. ఒక గ్రాము లోహపు ఇనుముకి సుమారు 440 మిల్లీలీటర్ల హైడ్రోజన్ రావాలి, మాగ్నెటైట్‌కి గ్యాస్ రాదు. బూడిదలో కార్బనేట్ ఉంటే అది కూడా బుడగలిస్తుంది, అది కార్బన్ డయాక్సైడ్, సున్నపు తేట గుండా పంపించి చూస్తే తేలిపోతుంది. దగ్గర్లో మంట లేకుండా చూసుకో.

రెండోసారి కాలిపోవడం అంటే నువ్వు చేసిన ఇనుము అంత సన్నగా వచ్చిందని అర్థం. నానో సైజు ఇనుము గాలి తగలగానే ఒక్కసారిగా ఆక్సిజన్ తిని అంటుకుంటుంది. ఫర్నేస్ పూర్తిగా చల్లారేదాకా నైట్రోజన్ ఆపొద్దు, చల్లారాక కూడా నైట్రోజన్‌లో ఒక శాతం దాకా ఆక్సిజన్ కలిపి కొన్ని గంటలు పంపితే రేణువు మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొరకి కొంత సామర్థ్యం పోతుంది నిజమే, కానీ పొడి చేతిలో ఉంటుంది. తర్వాత ఉప్పు, తడి తగిలితే ఆ పొర విడిపోయి పని మొదలవుతుంది.

అన్నభేది వద్దు. రైతులు ఆకుల మీద కొట్టడానికి వాడేది అదే, ఫెర్రస్ సల్ఫేట్, చవకే. కానీ బొగ్గుతో కలిపి కాలిస్తే అందులో సల్ఫర్ ఐరన్ సల్ఫైడ్‌గా మిగిలిపోతుంది, తర్వాత తడి తగిలితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే ప్రమాదం, తిండి పక్కన పెట్టే వస్తువుకి అది అసలు పనికిరాదు. క్లోరైడ్ వాడితే యాసిడ్ పొగ వస్తుంది, ఫర్నేస్ ట్యూబుల్నీ లోహాన్నీ తినేస్తుంది, కొంత ఇనుము ఆవిరై ఎగిరిపోతుంది కూడా. ఫెర్రిక్ నైట్రేట్ అయితే శుభ్రం, ఒక గ్రాము ఇనుముకి తొమ్మిది నీటి అణువులున్న నైట్రేట్ 7.2 గ్రాములు పడుతుంది. కానీ నైట్రేట్ పట్టిన కట్టెపొడి ఎండాక వేడెక్కితే భగ్గుమనే గుణం ఉంటుంది, కొద్దికొద్దిగా చెయ్యి, మెల్లగా వేడి పెంచు, గోధుమరంగు పొగ ఫ్యూమ్ హుడ్‌లోనే పోవాలి. మీ గైడ్ పక్కన లేకుండా ఒక్కడివే చెయ్యమాకు.

ఇంత కష్టం ఎందుకంటే కారణం ఉంది, నీ రిపోర్ట్‌లో అది బాగా రాయి. ఇనుపపొడి, బొగ్గుపొడి విడివిడిగా కలిపితే అక్కడక్కడే ఆనుకుంటాయి, తుప్పు ఉబ్బి గడ్డకట్టి లోపలి ఇనుము వాడకుండా మిగిలిపోతుంది. నువ్వు చేసేదాంట్లో ప్రతి ఇనుప రేణువూ కార్బన్ గోడలోనే పుట్టింది, ఎలక్ట్రాన్‌కి దూరం లేదు, రేణువులు ఒకదాన్నొకటి అంటుకోవు, కార్బన్ సందుల్లో తడి కూడా నిలుస్తుంది. అది నిజంగా మెరుగో కాదో తేల్చాలంటే అంతే ఇనుము, అంతే కార్బన్, అంతే ఉప్పు విడిగా కలిపిన మిశ్రమాన్ని పక్కన పెట్టి కొలవాల్సిందే. అది లేకుండా ఎన్ని గ్రాఫులు గీసినా నేనైతే ఒప్పుకోను.

నెల్లూరు నుంచి రైస్‌మిల్లులో పనిచేసే చదువరి: మా దగ్గర ఊక గుట్టలు గుట్టలు. దీంతో ఆ కార్బన్ చెయ్యలేమా?

జవాబు: చెయ్యొచ్చు కానీ కొబ్బరిచిప్ప అంత బాగుండదండీ. ఊకలో ఆరో వంతు, ఐదో వంతు దాకా బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. సిలికాలో కరెంటు నడవదు, బరువు దండగ. తడి పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది. బాయిలర్ కింద పడే బూడిద వేరు, దాంట్లో కార్బన్ చాలావరకు కాలిపోయి ఉంటుంది. మన వైపు దొరికేవాటిలో కొబ్బరిచిప్ప మొదటి వరస, తర్వాత చిల్లకంప, సర్వి. వేరుశనగ పొట్టు తేలిక, చోటు ఎక్కువ తినేస్తుంది.

కొత్తపట్నం నుంచి: నెల్లూరు చేపల పులుసు పౌచ్‌లో పోసి ఈ పొట్లం వేసి సీల్ చేస్తే బెంగళూరు దాకా ఫ్రిజ్ లేకుండా పంపచ్చా?

జవాబు: వద్దండీ. దయచేసి వద్దు. ఈ పొట్లం ఆక్సిజన్ ఒక్కదాన్నే తీసేస్తుంది, క్రిముల్ని చంపదు. బొటులినం అనే బాక్టీరియాకి ఆక్సిజన్ లేని తడి చోటంటేనే ఇష్టం, అది వదిలే విషం ప్రాణం తీస్తుంది, వాసనా రుచీ మారకపోవచ్చు కూడా. పులుసులో చింతపండు ఉంది కదా అంటారేమో, పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగితే ఇది తగ్గుతుంది) 4.6 కన్నా తక్కువ ఉంటే అది పెరగదన్న మాట నిజమే, కానీ చేపముక్క లోపలిదాకా ఆ పులుపు దిగిందని కంటితో చెప్పలేం. పులుసు పంపాలంటే పౌచ్‌తో సహా 121 డిగ్రీల దగ్గర ప్రెషర్‌లో ఉడికించే రిటార్ట్ పద్ధతి ఒకటి ఉంది, దానికి వేరే మిషన్, వేరే పౌచ్. లేదంటే గడ్డకట్టించి ఐస్ బాక్సులో పంపండి. కరకరలాడేటట్టు ఎండినవాటికే ఈ పొట్లం. ఎండుచేప కూడా చేత్తో వంచితే మెత్తగా వంగేదైతే ముందు ఇంకో రెండు ఎండలు పెట్టండి.

కందుకూరు నుంచి ఒక తల్లి: మా మూడేళ్ళ పాప ఆ పొట్లం నోట్లో పెట్టుకుని కొంచెం మింగినట్టుంది. భయమేసింది, ఇప్పుడు బాగానే ఉంది. మళ్ళీ అట్లా అయితే ఏం చెయ్యాలి?

జవాబు: బాగానే ఉందన్నారు, మనసు కుదుటపడింది తల్లీ. పొట్లంలో ఉండే లోహపు ఇనుము ఒంటికి అంత తొందరగా పట్టదు, ఐరన్ మాత్రలు మింగినంత ప్రమాదం సాధారణంగా ఉండదు. అయినా నిర్లక్ష్యం చెయ్యబాకండి. నోట్లో పొడి తుడిచేసి, వాంతి చేయించే పని పెట్టుకోకుండా, ఆ పొట్లం కవరు చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అందులో ఏముందో ఆయనకి తెలియాలి. కొన్ని పొట్లాల్లో వేరే రసాయనాలు కూడా ఉంటాయి. ఇంకోటి, ఈ పొట్లంతో సహా తినుబండారాన్ని మైక్రోవేవ్‌లో పెట్టబాకండి, లోపల ఇనుముంది, నిప్పురవ్వలు వస్తాయి.

ఉలవపాడు నుంచి, ఎండురొయ్యలు ప్యాకింగ్ చేసే చదువరి: మాకు సరుకు కొనేవాళ్ళు ప్యాకెట్ సీల్ చేశాక మెటల్ డిటెక్టర్ గుండా పంపిస్తారు. ఈ పొట్లం వేస్తే ప్రతి ప్యాకెట్టూ మోగుతోంది.

జవాబు: మోగుతుందండీ, డిటెక్టర్ తన పని తను చేస్తోంది, దాన్ని తగ్గించి పెట్టమని మాత్రం అడగబాకండి, రొయ్యల్లో నిజంగా మేకు ముక్క ఉంటే దొరకదు. రెండు దారులున్నాయి. పొట్లం వెయ్యకముందే సరుకుని డిటెక్టర్ గుండా పంపి తర్వాత పొట్లం వేసి సీల్ చెయ్యడం ఒకటి, దీనికి కొనేవాళ్ళు ఒప్పుకోవాలి. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ యాసిడ్‌తో చేసిన పొట్లాలు వాడటం ఇంకోటి, వాటిలో లోహపు ఇనుపపొడి ఉండదు కాబట్టి మోగవు. కొనేటప్పుడు ఎన్ని సీసీలో, ఎండిన సరుకులో తనంతట తను పనిచేసే రకమో కాదో అడిగి తీసుకోండి, కొన్ని రకాలు సరుకులో ఉన్న తేమ తగిలితేనే పని మొదలుపెడతాయి, మీ ఎండురొయ్యల్లో అంత తేమ ఉండదు. ప్రతి లాట్‌లో రెండు మూడు ప్యాకెట్లలో ఆక్సిజన్ చూపించే చిన్న బిళ్ళ వేసి పెట్టుకోండి, లోపల ఆక్సిజన్ 0.1 శాతం లోపు ఉంటే గులాబీ రంగు, 0.5 దాటితే నీలం. ఆ ప్యాకెట్లు అమ్మకుండా మీ గోడౌన్‌లోనే పెట్టి వారానికోసారి రంగు చూస్తూ తేదీ రాసుకోండి, ఎన్ని వారాలకి నీలం తిరిగిందో అదే మీ కవరు, మీ సీలింగు ఎంతకాలం ఆగుతాయో చెప్తుంది.